ఎడమ పెట్టెలో చిటపట

3 ఏప్రిల్ 1974, బుధవారం

ఎక్కాల తరగతికి ఈ ఉదయం తొమ్మిది మంది వచ్చారు. మాఘమాసంలో పదహారు మంది ఉండేవారు. ఎదురింటి బుల్లెమ్మ తన కూతుళ్ళిద్దర్నీ మాన్పించింది. నేను పిల్లల్ని ఊరికే కసురుకుంటున్నానట. కసరక ఏం చెయ్యను? ఈ తరం పిల్లలు నోరు తెరవరు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆడపిల్లల బళ్ళో లెక్కలు చెప్పాను, ఇంత గొణుగుడు ఎన్నడూ చూడలేదు. పిల్లలే కాదు, రేడియోలో వార్తలు చదివే ఆయన కూడా బుగ్గన కిళ్ళీ పెట్టుకున్నట్టే చదువుతున్నాడు.

భావనారాయణ కొట్టు కట్టేసి వచ్చి, భోంచేస్తూ ఒక మాట చెప్పాడు. బళ్ళు తెరిచేనాటికి ముందుగది తనకి కావాలట. శ్రావణమాసం చీరల బేళ్ళు దించుకోవడానికి కొట్లో చోటు చాలదట. ముందుగది అంటే నా తరగతి. నా కొడుకు నాతో కష్టమైన మాట చెప్పేటప్పుడు కంచం వంక చూస్తాడు, చిన్నప్పటి అలవాటు. అలా చూస్తూనే ఇంకేదో కూడా అన్నాడు. ఫాను గోలలో కలిసిపోయింది. రెండోసారి అడగలేదు.

బళ్ళు తెరిచేది జూన్ పదిహేడున. ఆలోగా తరగతి మళ్ళీ నిండితే గది అడిగే ధైర్యం వాడికి ఉండదు.

7 ఏప్రిల్, ఆదివారం

మనవరాలు శివపార్వతి బి.యస్సీ పరీక్షలు అయిపోయాయి. ఈ వేసవిలో కుట్టుమిషను నేర్చుకుంటుందని కోడలు సీతారావమ్మ ఆశపడింది. అదేమో గవర్నరుపేటలో సొలొమోను రేడియో షాపు నుంచి ఒక ఇంగ్లీషు పత్రిక పట్టుకొచ్చి, అందులో బొమ్మ చూసి హైఫై ఆంప్లిఫయరు ఇంట్లోనే తయారు చేస్తానంటోంది.

నాకు బొమ్మ చూపించి వివరించింది. మొత్తం మూడు పెట్టెలు. మొదటిది ప్రీయాంపు. శబ్దంలో ఏది ఎంత ఉండాలో అది సరిచేస్తుంది. మిగతా రెండూ ఆ సరిచేసిన శబ్దాన్ని పెంచి స్పీకర్లకి ఇస్తాయి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. పెంచడానికి ఒకటి చాలదా, రెండెందుకు అని అడిగాను.

"చెవులు రెండు కదా నాయనమ్మా" అంది.

స్కాలర్‌షిప్పు డబ్బు మిగుల్చుకుందట, అది చాలకపోతే నన్ను అడుగుతుందట. ఉన్న రేడియో ఊరికే పలుకుతూ ఉండగా ఇదంతా దేనికో తెలియదు. మొదటి వాయిదా ఇచ్చాను. నా పద్దుల పుస్తకంలో 'అనవసరం' కింద రాశాను.

12 ఏప్రిల్

పేరమ్మ ఈ రోజు పందొమ్మిదో ఎక్కం తప్పు లేకుండా ఒప్పజెప్పింది. ఈ పిల్ల అల్లరిదే కానీ బుద్ధి పెడితే చెయ్యగలదు. నెమ్మదిగా చెప్పినా పెదవులు చక్కగా కదిలించింది. పటికబెల్లం ముక్క పెట్టాను. మిగతా పిల్లలు ఎందుకో నవ్వారు. కారణం అడిగితే ఎవరూ చెప్పలేదు.

13 ఏప్రిల్

నా తరగతి జరుగుతుండగా పార్వతి మధ్యలోకి వచ్చి పిల్లల్ని గదమాయించింది. నా పిల్లల్ని దండించడానికి నేనున్నానని దాన్ని మందలించాను. సాయంత్రం దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. మాట్లాడిన నాలుగు మాటలూ నా ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడింది. ఈ కొత్త పద్ధతి ఏమిటో.

18 ఏప్రిల్

పార్వతితో ఆటోనగర్ వెళ్ళాను. లారీలకి బాడీలు కట్టే షెడ్డులో మా పెట్టెల కోసం అల్యూమినియం రేకు మడత పెట్టించుకోవడానికి. ఆడపిల్లని ఒక్కదాన్నే పంపనని భావనారాయణ అంటే నేను బయల్దేరాను. ఆ యజమాని నన్ను చూసి స్టూలు వేశాడు, షోడా తెప్పించాడు. మడత ఒక పక్క అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువ వచ్చింది. నా సంచీలోంచి టేపు తీసి చూపించి మళ్ళీ చేయించాను. రెండోసారి కూడా కొలిచాను.

"లారీకి తలుపు చేయించుకునేవాళ్ళు కూడా ఇన్ని కొలతలు అడగరండీ" అన్నాడు.

అందుకే మీ లారీల తలుపులు తాడుతో కట్టి ఉంటాయని చెప్పాను. అతనికి కోపం రాలేదు. ట్రాన్సిస్టర్లు వేడెక్కకుండా బిగించే రెక్కల ముక్కలు తుక్కులోంచి ఏరి ఊరికే ఇచ్చాడు.

ఆ షెడ్డులో సుత్తి చప్పుళ్ళ మధ్య అందరి మాటా నాకు సుబ్బరంగా వినిపించింది. వాళ్ళు నోరు తెరిచి మాట్లాడతారు.

24 ఏప్రిల్

సొలొమోను షాపు నుంచి పార్వతి ఒక పరికరం అరువు తెచ్చింది. దాని మీట తిప్పుతుంటే లావుపాటి కూత క్రమంగా సన్నమవుతుంది. పెట్టెని పరీక్ష చెయ్యాలి, సాయం చెయ్యమంది. నేను గోడవైపు తిరిగి కూర్చుని, కూత వినిపించినంతసేపు చెయ్యెత్తి ఉంచాలి. ముందు కుడి చెవి, తర్వాత ఎడమ చెవి. ఒక హద్దు దాటాక ఆ పరికరం మూగబోతోంది. అందులో లోపం ఉందనీ, సొలొమోనుకి చెప్పి బాగుచేయించమనీ అన్నాను. పార్వతి అలాగే అంది. ఎందుకో అంకెలన్నీ కాగితం మీద వేసుకుంది.

లోపమున్న పరికరాలు అరువివ్వడం వ్యాపార ధర్మం కాదు.

30 ఏప్రిల్, మంగళవారం

ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టి ఇచ్చే మనిషి కూతురి పెళ్ళికి ఊరెళ్ళాడట, నెల దాకా రాడట. పార్వతి తల పట్టుకుని కూర్చుంది. ఏం చుట్టాలని అడిగాను. అట్టతో చేసిన కండె మీద రాగితీగ. మొదట వెంట్రుకలాంటి సన్నతీగ పొరలు పొరలుగా, మధ్యమధ్య కాగితం, వాటన్నిటి మీదా లావుతీగ. చుట్ల లెక్క తప్పకూడదు. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కకూడదు.

"కండె చుట్టడమేగా" అన్నాను.

"అదే నాయనమ్మా. కాకపోతే నూలు బదులు రాగి."

అటక మీంచి మా అత్తగారి రాట్నం దింపించాను. కదురుకి అట్టకండె బిగించి పార్వతి తీగ చుట్ట పట్టుకుని కూర్చుంది, నేను తిప్పాను. పెడనలో మా నాన్నగారింట నాలుగు మగ్గాలు ఆడేవి. పొద్దున్నే కండెలు చుట్టి బుట్ట నింపితే తప్ప మా అమ్మ నన్ను బడికి వదిలేది కాదు. రాట్నం చేతిలో, పుస్తకం మోకాలి మీద. అలా చదివే నేను పంతులమ్మనయ్యాను. చెయ్యి ఏదీ మరిచిపోలేదు. వంద చుట్లకి ఒక చింతపిక్క పక్కన పెట్టుకుంటూ, ఒక్క చుట్టు తేడా లేకుండా కుడి పెట్టె ట్రాన్స్‌ఫార్మరు ముగించాను. పార్వతి దాన్ని సొలొమోనుకి చూపిస్తే, "పంతులమ్మగార్ని మా షాపుకి పంపు, జీతమిచ్చి పెట్టుకుంటాను" అన్నాడట. పనిచేశాక మాట్లాడమని కబురు చేశాను.

4 మే

ఎడమ పెట్టె ట్రాన్స్‌ఫార్మరు. పార్వతి బజారు పనుల మీద వెళ్ళింది, నేనొక్కదాన్నే చుట్టాను. కరెంటు లేదు, ఫాను లేదు, వేళ్ళకి చెమట. రెండో పొరలో సన్నతీగ పుటుక్కున తెగింది. పోగు తెగితే మగ్గమున్న ఇంటి పిల్ల ఎవర్నీ పిలవదు. రెండు కొసలూ పక్కపక్కన పెట్టి, బొటనవేలికి కాస్త బూడిద అద్దుకుని, పురి తిప్పి అదిమాను. ముడి వెయ్యలేదు. ముడి వేస్తే గుడ్డ మీద బొడిపె తేలుతుంది. పైన పొరలు పడ్డాక ఎక్కడ అతికానో నాకే ఆనవాలు లేదు. మా అమ్మ చూసి ఉంటే మెచ్చుకునేది.

పార్వతికి చెప్పాల్సినంత విషయం కాదు.

11 మే

ఇల్లంతా గుగ్గిలం వాసన. సోల్డరు పెట్టడానికి వాడతారట. సీతారావమ్మ మొదట్లో ముక్కు మూసుకుంది, ఇప్పుడు సాంబ్రాణి మిగులుతోందని అంటోంది. స్పీకర్ల చెక్కపెట్టెల్లో ప్రతిధ్వని రాకుండా దూది కూరాలని పత్రికలో ఉంది. భావనారాయణకి నేత వాళ్ళు ఊరికే ఇచ్చే తుక్కునూలు ఒక గోతాం ఉంటే అది కూరాం. ప్రీయాంపు మీటలకి తొడుగులు కొండపల్లి నుంచి వచ్చాయి. బొమ్మలకి పూసే లక్కరంగే వాటికీ పూశారు, ఎరుపు, పసుపు, పచ్చ. ఇంగ్లీషు పత్రికలో వాళ్ళ పెట్టె నల్లగా దిగులుగా ఉంది. మాది బాగుంది.

'మాది' అని రాశాను. పార్వతిది.

తరగతికి ఏడుగురు.

19 మే, ఆదివారం

మూడు పెట్టెలూ సిద్ధమయ్యాయి. సొలొమోను తానే రికార్డు ప్లేయరు మోసుకొచ్చాడు. భావనారాయణ కొట్టు మూసి వచ్చాడు. పసుపు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మీట నొక్కారు. వయొలిన్ కచ్చేరీ. నిండుగా వచ్చింది. మృదంగం కిందనుంచి, నేలలోంచి వస్తున్నట్టుంది. బాగుందని చెప్పబోతుండగా అందరూ మొహాలు చిట్లించారు. ఎడమవైపు నుంచి ఏదో చప్పుడు వస్తోందట. వేరుశనక్కాయలు వేయిస్తున్నట్టుందని భావనారాయణ, పోపులో ఆవాలు పేలినట్టుందని కోడలు.

అలాంటిదేమీ లేదని నేను చెప్పాను. మంచి పనిలో తప్పు వెదకడం ఈ ఇంటి మగవాళ్ళకి పుట్టుకతో వచ్చింది. కోడలు ఇక్కడికొచ్చి నేర్చుకుంది.

పార్వతి నా వంక చూసి, వెంటనే మొహం తిప్పుకుంది.

22 మే

పార్వతి ఎడమ పెట్టెలో సోల్డరు పెట్టిన ప్రతి చోటా మళ్ళీ పెట్టింది. చిటపట పోలేదట.

24 మే

ట్రాన్సిస్టర్లు రెండూ మార్చింది. కొత్తవాటికి నేనే డబ్బిచ్చాను. పోలేదట. సొలొమోను వచ్చి చూశాడు, కండెన్సర్లు మార్చమన్నాడు. మార్చింది. పోలేదట. నాకు మాత్రం మొదటి రోజు నుంచీ ఆ పెట్టె బాగానే ఉంది. నలుగురూ కలిసి పిల్ల మనసు విరిచేస్తున్నారు.

బొత్తిగా కుదరకపోతే మొత్తం సొలొమోనుకే అమ్మేద్దామని భావనారాయణ అన్నాడు. ముందుగదికి సున్నం కూడా వేయించాలట. పార్వతి అన్నం మధ్యలో లేచిపోయింది.

27 మే, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే పార్వతి రెండు పెట్టెల ట్రాన్స్‌ఫార్మర్లూ ఊడదీసి, దీనిది దానికీ దానిది దీనికీ పెట్టింది. రికార్డు వేసి, చప్పుడు ఎటు నుంచి వస్తోందో చూపించమంది. భావనారాయణ కుడివైపు చూపించాడు. సీతారావమ్మ కుడివైపు చూపించింది. పాలు పోయడానికి వచ్చి వీధి గుమ్మంలో నిలబడ్డ ఆదెమ్మ, ఎవరూ అడక్కుండానే, గిన్నె పట్టుకున్న చేత్తో కుడివైపు చూపించింది. అందరూ నా చెయ్యి ఎటు లేస్తుందా అని చూస్తున్నారు. నా చెయ్యి లేవలేదు.

చప్పుడు ట్రాన్స్‌ఫార్మరుతో పాటే ఎడమ నుంచి కుడికి వచ్చిందని పార్వతి చెప్పింది. అంటే తప్పు నేను చుట్టినదాంట్లో ఉంది. ప్రతి చుట్టూ లెక్కపెట్టి చుట్టాననీ, చింతపిక్కలు డబ్బాలో ఉన్నాయి తెచ్చి చూసుకోమనీ అన్నాను.

"లెక్క తప్పలేదు నాయనమ్మా. చుడుతుంటే మధ్యలో తీగ తెగిందా?"

"తెగింది. అతికాను."

"ఎలా?"

"ఎలా ఏమిటి? పోగు అతికినట్టు. పురి పెట్టి."

 పార్వతి తీగ ముక్క ఒకటి తెచ్చి బ్లేడుతో గీకి చూపించింది. పైన లక్కపూత, కింద రాగి. కరెంటుకి రాగి రాగిని తాకాలి. పూత గీకి, పురి పెట్టి, సోల్డరు పోసి, కాగితం చుట్టాలి. నేను లక్క మీద లక్క పెట్టి మెలేశాను. లోపల ఒకసారి తగులుతోంది, ఒకసారి తగలడం లేదు. ఆ నిప్పురవ్వల చప్పుడే అందరికీ చిటపటగా వినిపిస్తోంది. మగ్గం మీదైతే అది అతుకే. ఇక్కడ కాదు.

భావనారాయణ నా ముందుకొచ్చి కూర్చున్నాడు. ఈసారి వాడు కంచం వంకా నేల వంకా చూడలేదు. నా మొహంలోకే చూశాడు.

"అమ్మా, వారం రోజులుగా ఇంటిల్లిపాదీ చెవులు మూసుకుంటున్నాం. ఆ చప్పుడు నీకు నిజంగా వినపళ్ళేదా?"

ఫాను గోల అన్నాను. ఫాను తిరగడం లేదు.

అందరూ వెళ్ళాక పార్వతి నా పక్కన చేరింది. ఏప్రిల్లో కూతలు పెట్టి నా చేత చెయ్యెత్తించింది పరికరం పరీక్ష కాదట. నాకు ఎక్కడిదాకా వినిపిస్తోందో అంకెలు వేసుకుని, అక్కడి నుంచి పైకి శబ్దాన్ని ఎత్తి ఇచ్చేలా ప్రీయాంపులో ఎర్ర మీట కట్టిందట. మొదటి నుంచీ ఇదంతా అందుకేనట. నాకు తెలుసన్నాను. తెలుసో తెలియదో ఇప్పుడు నాకే తెలియదు.

28 మే

వినపడలేదు.

29 మే

ఏప్రిల్ పన్నెండున పేరమ్మ పందొమ్మిదో ఎక్కం ఒప్పజెప్పలేదు. పెదవులు మాత్రం ఆడించింది. పిల్లలు అందుకే నవ్వారు. పార్వతి మర్నాడు వాళ్ళని గదమాయించింది అందుకే. నేను పటికబెల్లం పెట్టాను.

పార్వతిని అడగలేదు. అడగక్కర్లేదు.

వినపడని మనిషి ఒప్పజెప్పించుకోకూడదు. ముందుగది ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోమని భావనారాయణకి చెప్పాను.  కొట్టుకి వెళ్ళిపోయాడు.

31 మే

పార్వతి ట్రాన్స్‌ఫార్మరు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. సొలొమోను దాన్ని పారేసి కొత్తది కొనమన్నాడట. పార్వతి వద్దంది. "నువ్వు చుట్టిందే. నువ్వే విప్పు" అంది. గది ఇచ్చేశాక ఈ పెట్టెలతో పనేముందన్నాను.

"గది నాన్న ఇంకా తీసుకోలేదు. నువ్వే తోసేస్తున్నావ్."

ఇంత పెద్ద మాట నన్ను అనే మనిషి ఈ ఇంట్లో ఉన్నందుకు కోపం రావాలి. రాలేదు. కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ దగ్గర వెలుతురులో కూర్చున్నాను. లావుతీగ విప్పి పక్కన చుట్టాం. తర్వాత సన్నతీగ. అతుకు కంటికి కనిపించదని నాకు తెలుసు, కనిపించకుండా చేసింది నేనే. పార్వతి రాట్నం వెనక్కి తిప్పుతుంటే తీగని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోనిచ్చాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడినా నాకు అక్కర్లేదు. మధ్యాహ్నం భోజనాల పిలుపు వచ్చేవేళకి వేలి కింద ఇసకరేణువంత గరుకు తగిలింది.

"ఆపు" అన్నాను.

పార్వతికి కనిపించలేదు. భూతద్దం పెట్టి చూసింది, అప్పుడూ నమ్మలేదు. గోటితో పురి విప్పి రెండు కొసలూ చూపించాను. ఒక కొస నల్లగా మాడి ఉంది. పార్వతి నా వేళ్ళు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఈసారి పూత నేనే గీకాను. సోల్డరు అది పోసింది.

1 జూన్, శనివారం

భావనారాయణ చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. వయసు అన్నాడాయన. వయసని చెప్పినందుకు పది రూపాయలు. చెవికి పెట్టుకునే మిషను మద్రాసు నుంచి తెప్పించాలి, మూణ్ణెల్లు పడుతుంది అన్నాడు. తెప్పించండి, ఈలోగా మా ఇంట్లో ఒకటి తయారవుతోందని చెప్పాను. రిక్షాలో వస్తూ భావనారాయణ నవ్వాడు. వాడి నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

8 జూన్

కాలవలకి నీళ్ళు వదిలారు. వాన పడలేదు కానీ గాలి మారింది.

సాయంత్రం ఎడమ పెట్టె బిగించి రికార్డు వేసింది. చిటపట లేదని అందరూ ఒప్పుకున్నారు. నాకు సంబంధం లేని విషయం కాబట్టి నేను ఏమీ అనలేదు. అప్పుడు పార్వతి నన్ను రెండు స్పీకర్ల మధ్య కుర్చీలో కూర్చోబెట్టి ఎర్ర మీట నెమ్మదిగా తిప్పింది.

వయొలిన్ తీగ మీద కమాను గీరుకోవడం వినిపించింది. అది వినిపించనే వినిపించలేదని అప్పటిదాకా తెలియదు. ఇన్నాళ్ళూ వయొలిన్ దుప్పటి కప్పుకుని వాయిస్తోంది. రికార్డు తీసేసి రేడియో కలిపితే వార్తలు. ఆ చదివే ఆయన నోట్లో కిళ్ళీ లేదు. సకారాలు సకారాలుగా, తకారాలు తకారాలుగా, ప్రతి అక్షరానికీ అంచు ఉంది. ఎరువుల కొరత, ఏదో కమిటీ సమావేశం. వాతావరణం దాకా విన్నాను. ఇంత మంచి వార్తలు నేను వినలేదు.

కళ్ళు తుడుచుకున్నాను. గుగ్గిలం పొగ పోయి చాలాసేపయింది, అందుకని పొగ మీద నెట్టడానికి లేదు.

ఈ పూట పద్దుల పుస్తకంలో ఆంప్లిఫయరు ఖర్చంతా 'అనవసరం' నుంచి కొట్టేసి 'బడి' కింద మార్చాను. మొత్తం సరిచూశాను.

12 జూన్

సొలొమోను మైకు ఇచ్చాడు. పెళ్ళిపందిళ్ళకి అద్దెకిచ్చేదే. పార్వతి దాన్ని ప్రీయాంపుకి కలిపి మీట నొక్కగానే రెండు స్పీకర్లూ ఒకేసారి ఈల వేశాయి. అందరూ చెవులు మూసుకున్నారు. సీతారావమ్మ చేతిలోని చేట కింద పడింది. "నాకు వినిపించింది" అని నేను అరిచాను. నేను అంత గట్టిగా అరవడం నా మనవరాలు మొదటిసారి చూసిందట.

స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులో పడితే అలా కూస్తుందట. అందుకని గది ఒక కొసన మైకు పిల్లలవైపు తిప్పి, ఇంకో కొసన స్పీకర్లు నా కుర్చీకి అటూ ఇటూ నా చెవులవైపు తిప్పి పెట్టింది. చూడ్డానికి గుమ్మం దగ్గర ద్వారపాలకుల్లా ఉన్నాయి.

మీట తీసెయ్యడం మరిచిపోయి పార్వతి లోపలికెళ్ళింది. నేను కుర్చీలోనే ఉన్నాను. మైకు దగ్గర గచ్చు ఊడుస్తూ సీతారావమ్మ తనలో తాను అనుకున్న మాట రెండు స్పీకర్లలోంచీ స్పష్టంగా వచ్చింది.

"బాగానే ఉంది సంబడం. ఇన్నాళ్ళూ ఆవిడకి వినపడదని ఒక మాట అనుకుని బతికాం. ఇక మన నోటికీ తాళమే."

"తాళం అక్కర్లేదు సీతారావమ్మా. కాస్త దూరం జరిగి అనుకో" అన్నాను.

చీపురు పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు కూడా రెండు వైపుల నుంచీ వినిపించింది. ఇరవై రెండేళ్ళుగా కోడలు ఈ ఇంట్లో ఉంది.

15 జూన్

ఉన్న ఏడుగురి ఇళ్ళకీ స్వయంగా వెళ్ళి పదిహేడో తారీకు తరగతి ఉందని చెప్పి వచ్చాను. బుల్లెమ్మ ఇంటికి కూడా వెళ్ళాను. నాకు చెవులు సరిగ్గా వినపడవని, పిల్లల్ని కసరడంలో సగం తప్పు నాదేనని చెప్పాను. మిగతా సగం పిల్లలదే. బుల్లెమ్మ మజ్జిగ ఇచ్చింది.

గది గురించి భావనారాయణ ఏమీ తేల్చలేదు. బేళ్ళు సోమవారమే వస్తాయట.

17 జూన్, సోమవారం

బళ్ళు తెరిచారు. బడికి వెళ్ళేముందు తరగతికి పదకొండు మంది. బుల్లెమ్మ కూతుళ్ళిద్దరూ వచ్చారు, మైకు చూడ్డానికే కావచ్చు, వచ్చారు.

తరగతి మధ్యలో వీధిలో బండి ఆగింది. కూలీ వీపు మీద బేలుతో గుమ్మం దాకా వచ్చి, ఎక్కడ దించమంటారని భావనారాయణని అడిగాడు. నా కొడుకు గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తున్నాడు. నేను పాఠం ఆపలేదు.

పేరమ్మని పిలిచాను. పందొమ్మిదో ఎక్కం. వచ్చి మైకు ముందు చేతులు కట్టుకుని నిలబడింది. పెదవులు చక్కగా కదిలించడం మొదలుపెట్టింది. నేను చెవులు స్పీకర్లకి అప్పగించి కూర్చున్నాను. వెనక ఎవరో పలక మీద బలపం గీకుతున్నారు. బుల్లెమ్మ చిన్నకూతురు ముక్కు ఎగబీలుస్తోంది. ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు, ఆపుకోలేక ఊపిరి జారుతోంది. అన్నీ వినిపించాయి. పేరమ్మ గొంతు తప్ప.

నాలుగో మెట్టు దాకా ఆడించనిచ్చాను.

"మైకు పనిచేస్తోంది పేరమ్మా. నువ్వే చెయ్యడం లేదు."

గది నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం కూడా నాకు తెలిసింది, వట్టి చెవిటి నిశ్శబ్దంలా లేదు, అందులో పదకొండు మంది ఊపిరి ఉంది. పేరమ్మ మొహం ఎర్రబడింది. కొడతాననుకుందో ఏమో ఒక అడుగు వెనక్కి వేసింది. పటికబెల్లం బాకీ ఉన్నావు, దగ్గరికి రా, మొదటి నుంచి చెప్పు అన్నాను.

చెప్పింది. పందొమ్మిది రెళ్ళు, పందొమ్మిది మూళ్ళు. సన్నటి గొంతు, చివర్లో కాస్త వణుకు. రెండేళ్ళుగా ఈ పిల్ల నా దగ్గర చదువుతోంది. దాని గొంతు ఇలా ఉంటుందని నాకు ఈ రోజే తెలిసింది. ఆర్లు నూట పద్నాలుగు అంది, ఎనిమిదులు నూట యాభై రెండు అంది.

"ఏడులు ఏమయ్యాయి?"

పిల్లలందరూ ఒక్కసారి నా వంక చూశారు. పేరమ్మ కూడా చూసింది, మొదట భయంగా, తర్వాత దొరికిపోయినవాళ్ళ నవ్వుతో.

"నూట ముప్పై మూడండీ" అంది, నాకు ఎర్ర మీట అవసరం లేనంత గట్టిగా.

కూలీ ఇంకా బేలు మోస్తూనే నిలబడ్డాడు. భావనారాయణ వాడి భుజం తట్టి, నోరు తెరిచి, నాకు గుమ్మం దాకా వినిపించేలా చెప్పాడు.

"ఇక్కడ బడి ఉందయ్యా. నా గదిలో మంచం కింద పెట్టు, పట్టకపోతే మంచం మీద పెట్టు."

రేపటికి పందొమ్మిదో ఎక్కం అందరూ రాసుకుని రావాలి. సొలొమోను కబురు పంపాడు, ఎవరికో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టిపెట్టాలట. తీగ తెగితే ఏం చెయ్యాలో నాకు తెలుసని చెప్పించాను.